నొప్పి అన్న పిల్లకు ఊపిరి పాఠం చెప్పొచ్చా?

పేరు, ఊరు రాయొద్దంటూ పాడేరు వైపు నుంచి ఒక తల్లి పంపిన ఉత్తరం ఇది. ఆవిడ అంగన్‌వాడీ టీచరు, భర్త ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. పెద్దమ్మాయికి పదిహేడేళ్ళు, బరువు 38 కిలోలు. ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్‌సెల్ జబ్బని ఆరో ఏట తేలింది. విశాఖలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. ఈ జబ్బులో నొప్పి దాడులు తగ్గించే హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ 500 మిల్లీగ్రాములది రోజుకొకటి, ఒక ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటోంది. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్ళూ ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చే నొప్పులు హాస్టల్‌కి వెళ్ళాక ఇంచుమించు నెలకోసారి వస్తున్నాయి. అదీ వీక్లీ టెస్టు ముందు రాత్రో, చన్నీళ్ళు పోసుకున్న రోజో. రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

ఈ మధ్య విశాఖలో ఒక ప్రైవేటు క్లినిక్ గురించి ఎవరో చెప్పారట. వేలికి సెన్సర్ పెట్టి, కంప్యూటర్ తెర మీద గ్రాఫు చూపిస్తూ ఊపిరి తీయడం నేర్పుతారు, దాన్ని బయోఫీడ్‌బ్యాక్ అంటారు, 12 సిట్టింగులకు 18 వేలు, ఆరు నెలల్లో క్యాప్సూల్ మానేయొచ్చు అన్నారట. మాస్టారికి గురి కుదిరింది. ఈలోగా ఖర్చు లేని పని కదా అని, అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడల్లా తెల్లవారుజామున మేడ మీద కపాలభాతి చేయిస్తున్నారు. కళ్ళు తిరుగుతున్నాయనీ, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనీ ఆ పిల్ల అంటే, అలవాటయ్యేదాకా అంతే అన్నారట. అత్తగారేమో ఊపిరి తీయడానికి కూడా డబ్బు కట్టాలా అంటున్నారు. దసరా సెలవుల్లో ఒక రాత్రి కాళ్ళలో నొప్పి మొదలైతే ఈ తల్లి, “ముందు నెమ్మదిగా ఊపిరి పీల్చు తల్లీ, మాత్ర సంగతి తర్వాత చూద్దాం” అన్నారు. “నొప్పంటే నమ్మరు, గాలి పీల్చమంటారు” అని అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచీ ఫోన్లో నొప్పుల మాటే ఎత్తడం లేదు. క్లినిక్‌లో చేర్పించాలా, ఇంట్లోనే నేర్పుకోవచ్చా, అసలు ఇది పనిచేస్తుందా, పదమూడేళ్ళ కొడుకు క్యారియర్ (అంటే జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రం మోసేవాడు) కాబట్టి వాడికీ నేర్పాలా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మీరు అడిగినవాటి కంటే ముందు, అడగనిది ఒకటుంది. కపాలభాతి ఆపించండి. దీనిలో మాత్రం రెండు దారులు లేవు. పొట్ట అదిలిస్తూ గబగబా ఊపిరి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. అది తగ్గితే రక్తనాళాలు, ముఖ్యంగా మెదడుకు వెళ్ళేవి, బిగుసుకుంటాయి. మీ అమ్మాయికి కళ్ళు తిరిగిందీ, వేళ్ళు తిమ్మిరెక్కిందీ ఈ కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్లే. అది అలవాటు కావలసిన బాధ కాదు, ఆపమని ఒళ్ళు చెప్పే మాట. బలంగా, గబగబా ఊపిరి తీసి వదిలే భస్త్రికకీ ఇదే వర్తిస్తుంది. ఊపిరి బిగబట్టే కుంభకం ఇంకో దారిలో చెరుపు చేస్తుంది. సికిల్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేశాకే ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలు కడుతుంది, కణం కొడవలిలా వంగుతుంది. ఆక్సిజన్ తగ్గే పని ఈ పిల్లలతో కావాలని చేయించకూడదు. పైగా మీ వైపు శీతాకాలపు తెల్లవారుజామున మేడ మీద ఎంత చలో నేను చెప్పాలా? మాస్టారు కూతురి మీద ప్రేమతోనే చేయిస్తున్నారు, కానీ ఈ జబ్బుకు ఆ సాధన సరిపడదు. కుంభకం లేని నెమ్మదైన అనులోమ విలోమం అయితే, వెచ్చటి గదిలో, అభ్యంతరం లేదు.

ఇక బయోఫీడ్‌బ్యాక్ సంగతి. పేరు పెద్దదే గానీ పని చిన్నది. మనకు తెలియకుండా ఒంట్లో జరిగేదాన్ని, అంటే వేలికొన వేడినో గుండె కొట్టుకునే లయనో, అంకెగానో గీతగానో కళ్ళముందు పెట్టి, దాన్ని చూసుకుంటూ ఊపిరిని, మనసును సర్దుకోవడం. సికిల్‌సెల్‌లో దీనికి చోటెందుకంటే, నొప్పి రావడానికి కణం వంగడం ఒక్కటే చాలదు. వంగిన కణం సన్ననాళం దాటేలోపే ఇరుక్కోవాలి. నాళం బిగిస్తే రక్తం నడక మందగిస్తుంది, ఇరుక్కునే అవకాశం పెరుగుతుంది. చలి, భయం, పరీక్ష, ఇవన్నీ నాళాలను బిగించేవే. లాస్ ఏంజెలెస్‌లోని పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ఈ జబ్బున్నవాళ్ళకు మనసు మీద ఒత్తిడి పెట్టే చిన్న చిన్న పనులిచ్చి చూస్తే, వేళ్ళకు రక్తప్రవాహం తగ్గింది. నొప్పి రాబోతోందని ఎదురుచూసినా తగ్గింది. టెస్టు ముందు రాత్రి మీ అమ్మాయికి నొప్పి రావడం వంక కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ హద్దు కూడా తెలుసుకోండి. నెమ్మదైన ఊపిరి నాళాల బిగువును కొంత సడలించగలదు, నొప్పి వల్ల కలిగే కంగారును తగ్గించగలదు. రక్తంలోని సికిల్ హిమోగ్లోబిన్‌ను మార్చలేదు. సికిల్‌సెల్ రోగుల్లో బయోఫీడ్‌బ్యాక్ మీద జరిగినవన్నీ కొద్దిమందితో చేసిన చిన్న అధ్యయనాలు. వేళ్ళు వెచ్చబడ్డాయనీ, ఆందోళన తగ్గిందనీ వాటిలో కనబడింది. ఆసుపత్రి పాలవడం ఆగిపోతుందని చెప్పే బలం వాటికి లేదు. హైడ్రాక్సీయూరియా సంగతి వేరు. 1995లో అమెరికాలో 299 మంది పెద్దవాళ్ళ మీద జరిగిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికి ఏడాదికి 4.5 నొప్పి దాడులు వస్తే, మందు తీసుకున్నవారికి 2.5 వచ్చాయి. మందు మానిపిస్తామన్న క్లినిక్, ఊపిరి ఎంత బాగా నేర్పినా, ఆ ఒక్క మాటతో మీ నమ్మకానికి అర్హత పోగొట్టుకుంది.

ఆ మందు గురించే ఒక లెక్క చూడండి. 500ని 38తో భాగిస్తే కిలోకు 13 మిల్లీగ్రాములు. ఈ మందు మొదలుపెట్టేటప్పుడే సాధారణంగా కిలోకు 15 నుంచి 20 ఇస్తారు. రక్తకణాల సంఖ్య చూసుకుంటూ, అవసరాన్ని బట్టి 35 దాకా పెంచుతారు. అమ్మాయి చిన్నగా ఉన్నప్పుడు రాసిన మోతాదే నడుస్తూ ఉండొచ్చు, లేదా కణాలు పడిపోయాయని డాక్టరుగారే తగ్గించి ఉండొచ్చు. మీ అంతట మీరు రెండు క్యాప్సూళ్ళు వేయకండి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. కొత్తగా తీసిన రక్తపరీక్ష, ఇప్పటి బరువు కాగితం మీద రాసుకెళ్ళి, “ఈ మోతాదు చాలుతుందా అండీ?” అని అడగండి. మోతాదు మారుస్తున్నప్పుడు నెలకోసారి, స్థిరపడ్డాక రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష తప్పదు. మార్చిన ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఇంకో మాట, హాస్టల్లో రోజూ వేసుకుంటోందా? ఇది క్యాన్సర్‌కూ వాడే మందు కాబట్టి, తోటి పిల్లల ముందు క్యాన్సర్ మందని రాసున్న డబ్బా తీయడం ఇష్టంలేక దాచేసే పిల్లలుంటారు. తిట్టకుండా అడిగితేనే చెబుతారు. నెలకోసారి నొప్పికి జవాబు అక్కడే దొరకొచ్చు.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

క్లినిక్‌కే వెళ్ళాలనుకుంటే, వేరే చోటైనా సరే, డబ్బు కట్టేముందు కొన్ని అడగండి. నేర్పేవారు ఏం చదివారు, క్లినికల్ సైకాలజిస్టా, ఫిజియోథెరపిస్టా? కొలిచేది ఏమిటి, వేలి వేడా, గుండె లయా? అమ్మాయిని చూసే డాక్టరుతో మాట్లాడతారా? మొదటి రెండు మూడు సిట్టింగులకే కట్టించుకుంటారా? మామూలుగా నాలుగు నుంచి ఆరు సిట్టింగుల్లో మెళకువ పట్టుబడుతుంది, మిగతాది ఇంట్లో సాధనే. 12కి ముందే మొత్తం కట్టమంటే కట్టకండి. ఈ దారిలో లాభం, తప్పు చేస్తే పక్కన సరిదిద్దే మనిషి ఉండటం. నష్టం డబ్బుతో పాటు హాస్టల్ నుంచి పర్మిషన్లు, ప్రయాణాలు, చదువుతో తొక్కిసలాట. ఆ ఒత్తిడి కూడా ఒత్తిడే.

రెండోది ఇంట్లో, హాస్టల్లో సొంతంగా చేసుకోవడం. మీ పరిస్థితిలో నేనైతే దీనివైపే మొగ్గుతాను, ముందు డాక్టరుగారి చెవిన వేసి. మూడోది, ఇప్పటికి ఊపిరి సంగతే పక్కనపెట్టి మోతాదు, నీళ్ళు, చలి అనే మూడింటినీ సరిచేయడం. అమ్మాయికి ఇప్పుడు ఊపిరి అన్న మాటే రోతగా ఉంటే ఇదే మంచిది. బలవంతపు సాధనలో నాళాలు సడలవు, బిగుస్తాయి.

సొంతంగా చేసేట్టయితే ఇలా. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు. అది 90 డిగ్రీల దాపు నుంచే మొదలవుతుంది, పైగా ఎక్కిన అంకె దగ్గరే ఆగిపోతుంది. మనకు పెరగడమూ తగ్గడమూ రెండూ కనబడాలి. వైరు చివర చిన్న మొన ఉండే డిజిటల్ థర్మామీటర్లు, చేపల తొట్టెలకూ ఫ్రిజ్‌లకూ వాడేవి, తక్కువ ధరకే దొరుకుతాయి. డిగ్రీలో పదో వంతు చూపించేది తీసుకోండి. మొనను మధ్యవేలి చివర మెత్తటి భాగానికి ఆనించి, మైక్రోపోర్ టేపు ఒక్క ముక్క అడ్డంగా అంటించాలి. వేలి చుట్టూ బిగించి చుడితే రక్తమే ఆగి అంకె తప్పుతుంది. వైరును మణికట్టు దగ్గర ఇంకో ముక్కతో అంటిస్తే బరువు వేలి మీద పడదు. ఫ్యాను గాలి చేతికి నేరుగా తగలకూడదు. బయటినుంచి రాగానే మొదలుపెట్టకుండా పది పదిహేను నిమిషాలు గదిలో కూర్చోవాలి, లేకపోతే ఒళ్ళు సర్దుకునే వేడినే సాధన ఫలితం అనుకుంటారు.

వీపుకు దన్ను ఉండేలా కూర్చుని, చెయ్యి ఒళ్ళో వదిలేసి, అంకె రాసుకోవాలి. ఫారన్‌హీట్ డిగ్రీల్లో 80ల్లో ఉంటే బిగువున్నట్టు, 93 నుంచి 95 దాకా వస్తే బాగా సడలినట్టు. పది నిమిషాల్లో ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే చాలు, ఆనందించాల్సిందే. ఊపిరి ముక్కుతో లోపలికి, పొట్ట కాస్త పైకి లేవాలి, భుజాలు లేవకూడదు. వదలడం తీయడం కంటే పొడవుగా ఉండాలి. పెద్దవాళ్ళలో నిమిషానికి సుమారు ఆరు ఊపిర్ల దగ్గర, అంటే నాలుగు సెకన్లు తీసి ఆరు సెకన్లు వదిలినప్పుడు, గుండె లయలోని ఎగుడుదిగుడు అన్నిటికన్నా పెద్దదవుతుంది, రక్తపోటును సర్దే నరాల వ్యవస్థ దానితో జతకడుతుంది. మనిషిని బట్టి అది నాలుగున్నర నుంచి ఏడు దాకా మారుతుంది. పొట్టిగా ఉన్నవారికి కాస్త ఎక్కువ.

అయితే మీ అమ్మాయిని మొదటిరోజే ఆరుకు దింపకండి. ఈ జబ్బులో రక్తం తక్కువగా ఉంటుంది, అలాంటి మనిషికి కూర్చున్నా గుండె వేగంగానే కొట్టుకుంటుంది, ఊపిరీ వేగంగానే ఉంటుంది. ఒక్కసారిగా ఆరంటే గాలి చాలక ఒక పెద్ద నిట్టూర్పు వస్తుంది. ఆ నిట్టూర్పే ఇక్కడ తంటా. ఒక్క పెద్ద నిట్టూర్పుకు వేలి నాళాలు ముడుచుకుంటాయి, సికిల్‌సెల్ ఉన్నవారిలో ఆ ముడుపు మరీ ఎక్కువని కొలిచి చూపారు. అందుకే మొదటి వారం తన మామూలు వేగం లెక్కపెట్టుకుని దానికి రెండు తగ్గించాలి. 16 అయితే 14. కుదిరాక 12, తర్వాత 10, 8. ఆరుకు చేరడానికి నాలుగు వారాలు పట్టనివ్వండి, ఏడు దగ్గరే హాయిగా ఉంటే అక్కడే ఆగిపోనివ్వండి. మొదట ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. తర్వాత పది, ఓపికుంటే ఇరవై. పెదాల చుట్టూ చిమచిమ, తల తేలికవడం వచ్చాయంటే ఊపిరి నెమ్మదే గానీ మరీ నిండుగా లాగుతోందని అర్థం. వేగం మార్చకుండా గాలి తగ్గించుకోవాలి. “డీప్‌గా తీసుకో” అనే మాట మీ ఇంట్లో ఎవరూ అనకండి.

మొదట్లో చాలామందికి అంకె పెరగకపోగా తగ్గుతుంది. ఎక్కాలి, ఎక్కాలి అని అంకెను తదేకంగా చూస్తూ పట్టుబడితే వేళ్ళు చల్లబడతాయి. అలాంటప్పుడు అంకె చూడకుండా రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, కుంపటి దగ్గర చేతులు కాచుకుంటున్నట్టు ఊహించుకుంటే తరచుగా పనిచేస్తుంది. వేలి వేడి ఆలస్యంగా కదులుతుంది కూడా. ఊపిరి మారిన ఒకటి రెండు నిమిషాలకు గానీ అంకె మారదు. ఫోను కెమెరా మీద వేలు పెట్టి గుండె లయ చూపించే యాప్‌లు వాడొచ్చు గానీ, వేలు చల్లగా ఉన్నా, కదిలినా అవి తప్పు చూపుతాయి. స్కోరు ఇచ్చే యాప్ అసలొద్దు. టెస్టులతో నలిగే పిల్లకు ఇంకో మార్కుల షీటు ఎందుకు?

ఇదంతా నొప్పి లేని రోజుల్లో చేసే పని. అసలు నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలన్నదే మీ ఉత్తరంలో నాకు బరువుగా అనిపించిన చోటు. ఆ రాత్రి మీరు చెడ్డ మాటేమీ అనలేదు. కానీ మాత్రను ఊపిరి తర్వాతకు నెట్టారు. ఆ పిల్లకు, ముందు నీ నొప్పి నిజమో కాదో తేలనీ, అన్నట్టు వినిపించింది. ఊపిరికి నొప్పి తగ్గితే నటన అంటారేమో, తగ్గకపోతే సరిగ్గా చేయలేదంటారేమో అని రెండువైపులా భయం. వరుస తిప్పేయండి. నొప్పి అనగానే డాక్టరు రాసిచ్చిన మాత్ర, రాసిచ్చిన మోతాదులో. తర్వాత గ్లాసులకొద్దీ నీళ్ళు, వేడినీళ్ళ సంచి, దుప్పటి. ఐసు ముట్టించకండి. మాత్ర పని మొదలుపెట్టడానికి అరగంట, గంట పడుతుంది కదా, ఆ మధ్యలో తనకు కావాలనిపిస్తే ఊపిరి. ఆ మాట తనే అనాలి. మీరు పక్కన కూర్చుని కాళ్ళు నిమరండి, లెక్కపెట్టమంటే పెట్టండి. ఫోన్ చేసి, “ఆ రోజు మాత్ర ముందివ్వాల్సింది, ఇక నుంచి ముందు అదే” అని ఆ ఒక్క మాట చెప్పండి, ఇంకేమీ కలపకుండా.

ఊపిరితో కాలక్షేపం చేయకూడని పరిస్థితులు కాగితం మీద రాసి హాస్టల్ వార్డెన్‌కు ఇవ్వండి. జ్వరం 101 దాటడం, ఛాతీ నొప్పి లేదా ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఉన్నట్టుండి పాలిపోయి పొట్ట ఉబ్బడం, మాత్ర వేసినా నొప్పి పెరుగుతూనే ఉండటం. వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆసుపత్రికే. పల్స్ ఆక్సీమీటరు ఉంటే బాగున్న రోజుల్లో అంకె రాసిపెట్టుకోండి. ఈ పిల్లలకు 95 మామూలు అంకే కావొచ్చు, తన మామూలు కంటే మూడు తగ్గితే ఆలోచించకుండా బయల్దేరాలి. గోళ్ళ రంగు, నల్ల మెహందీ ఉంటే అంకెను నమ్మకండి.

ఆసుపత్రిలో చేరినప్పుడు మూడు బంతుల గొట్టం, స్పైరోమీటరు, ఇస్తే మళ్ళీ గందరగోళపడతారని ముందే చెబుతున్నాను. అక్కడ పెద్ద ఊపిరే తీయాలి. ఛాతీలోనో వీపు పైభాగంలోనో నొప్పి ఉన్నప్పుడు పిల్లలు భయంతో పైపైన ఊపిరి తీస్తారు, ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుపోయి అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ అనే ప్రమాదానికి దారితీస్తుంది. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పదిసార్లు ఆ బంతులు లేపించిన 19 నొప్పి దాడుల్లో ఒక్కదానిలోనే ఊపిరితిత్తుల ఇబ్బంది వచ్చింది, లేపించని 19లో ఎనిమిదింటిలో వచ్చింది. 1995 నాటి అధ్యయనం అది. నొప్పికి మందు పడ్డాకే బంతులు లేస్తాయి, కాబట్టి అక్కడా వరుస అదే.

హాస్టల్ సంగతి మాస్టారికి అప్పగించండి. కపాలభాతి మానిపించినందుకు చిన్నబుచ్చుకోకుండా ఆయన చేతికీ ఒక పని దొరుకుతుంది. వేడినీళ్ళ స్నానం, తరగతిలో నీళ్ళ సీసా, అడగ్గానే బాత్రూమ్‌కు పంపడం. ఈ జబ్బులో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు, అందుకే తరచుగా లేవాల్సి వస్తుంది. పదేపదే లేవడానికి సిగ్గుపడి ఆడపిల్లలు నీళ్ళు తాగడమే మానేస్తారు, ఒళ్ళు ఎండిపోయి నొప్పి వస్తుంది. మీ అమ్మాయిని ఈ సంగతి విడిగా అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో సికిల్‌సెల్ కూడా ఉంది. సర్టిఫికెట్ చేతిలో ఉంటే కాలేజీతో మాట్లాడటం తేలికవుతుంది.

మీ బాబుకు ఏమీ అక్కర్లేదు. క్యారియర్లకు మామూలుగా ఈ నొప్పులు రావు. వాడు ఆడుకుంటూ మధ్యమధ్య నీళ్ళు తాగితే చాలు. పెళ్ళి వయసొచ్చాక అవతలి అమ్మాయి రక్తపరీక్ష మాత్రం చూడాలి, ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. అత్తగారికి చెప్పండి, ఈ ఊపిరికి డబ్బు అక్కర్లేదని.

అమ్మాయి సరేనంటే ఎనిమిది వారాలు చూడండి. నోటుపుస్తకంలో రోజుకు ఒక్క వరుస చాలు: క్యాప్సూల్ వేసుకుందా, నీళ్ళెన్ని, నొప్పి పదికి ఎంత, సాధనకు ముందూ తర్వాతా వేలి అంకె. పుస్తకం తన దగ్గరే ఉంటుంది, మీరు అడిగి చూడకూడదు, డాక్టరుకు తనే చూపిస్తుంది. ఎనిమిది వారాలకు నిద్రలో గానీ, టెస్టు ముందు రాత్రిళ్ళలో గానీ తేడా కనబడకపోతే ఆ వైరు డబ్బాలో పెట్టేయండి. క్యాప్సూల్, రక్తపరీక్ష మాత్రం ఆగకూడదు.